ఉత్తరం గోడ మీద ఇంగ్వాల్డ్ చెయ్యి

కెనడాలో మా సస్కాచెవాన్ గోధుమ పొలాల మధ్య రాతి చర్చి చూడాలంటే ముందు బోర్గిల్ వంటింట్లో కాఫీ తాగాలి. తాళంచెవి ఉండేది ఆమె పొయ్యి పక్క మేకుకే మరి. పోయిన మే నెలలో గోడ చూడ్డానికి వచ్చిన రాతిమేస్త్రీ లోర్న్ కూడా రెండు కప్పులు తాగి, రెండు బంగాళాదుంప రొట్టెలు తిన్నాకే బయటపడ్డాడు.

ఇక్కడ మంచు కరిగినప్పుడల్లా పొలాల్లో రాళ్ళు పైకి తేలతాయి. ఏరకపోతే విత్తనాల యంత్రం పళ్ళు విరుగుతాయి. మా తాతలు ఏరిన ఆ రాళ్ళనే సున్నంతో పేర్చి చర్చి కట్టారు. ఏ రాయి ఎవరి పొలందో ఇప్పటికీ చెప్పుకుంటాం. మా రాయి గుమ్మం పైన ఉందని బోర్గిల్‌కు నా మీద కాస్త కుళ్ళు.

ముప్ఫై ఏళ్ళ కిందట ఉత్తరం గోడలో సున్నం రాలుతుంటే, ఆమె మొగుడు ఇంగ్వాల్డ్ ఒక వేసవంతా నిచ్చెన మీదే ఉండి సందుల్లో సిమెంటు కూరాడు. చివర్న తడి సిమెంటు మీద తన చెయ్యి అద్దాడు. ఆయన పోయాక బోర్గిల్ ప్రతి ఆదివారం ఆ అచ్చులో చెయ్యి పెట్టి, ఆ తర్వాతే లోపలికి వెళ్ళేది. నేను చూడనట్టే ఉండేదాన్ని.

ఆ గోడే ఇప్పుడు ఉబ్బింది. లోర్న్ దాన్ని తట్టి చూసి, టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

"చెప్పు బాబూ, పళ్ళ డాక్టరులా నసుగుతావేం?" అంది బోర్గిల్.

"సున్నం తడి పీల్చినా వదిలేస్తుందమ్మా. సిమెంటు వదలదు. లోపలి నీళ్ళు గడ్డకట్టి రాళ్ళను తోస్తున్నాయి. సిమెంటంతా కొట్టేయాలి. లేకపోతే రెండు చలికాలాల్లో గోడ పడిపోద్ది."

"అంతా అంటే?"

లోర్న్ ఆ చేతి అచ్చు వైపు చూడలేదు. "అంతానమ్మా."

"ఆ ఒక్క ముక్క వదిలెయ్యవయ్యా," అన్నాను నేను.

"నువ్వూరుకో రాగ్నా. పడేది ఉత్తరం గోడ, మీ రాయికేం కాదులే," అనేసి బోర్గిల్ ఇంటికి వెళ్ళిపోయింది. ఆ ఆదివారం చర్చికి రాలేదు. తాళంచెవి నాతో పంపింది.

సోమవారం పొద్దున చూస్తే బోర్గిల్ తన మొగుడి ఉలి పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉంది.

"బతికున్నన్నాళ్ళూ తన పనికి వంక పెట్టనివ్వలేదు. ఇప్పుడేమంటాడో చూద్దాం," అని మొదటి దెబ్బ తనే వేసింది. అచ్చు చుట్టూ గంటసేపు మెల్లగా కొట్టింది. ముక్క ఊడి వచ్చింది, అచ్చులో చిటికెనవేలు మాత్రం విరిగింది. మిగతా గోడ లోర్న్‌కు వదిలేసింది.

మా గాలికి చర్చి తలుపు ఎప్పుడూ కొట్టుకుంటుంది. ఇప్పుడు దానికి అడ్డంగా ఆ ముక్కే ఉంది. తాళంచెవి ఇస్తూ బోర్గిల్ వచ్చినవాళ్ళకు చెబుతుంది: "తలుపు దగ్గర మా ఆయన చెయ్యి ఉంటుంది, తన్నుకుని పడకండి."

ఆదివారాలు అంత కిందికి వంగి చెయ్యి పెట్టడం తనవల్ల కాదు. చేతికర్రతో దాన్ని రెండుసార్లు తట్టి లోపలికి వెళుతుంది.