రంగం పిన్ని నాట్యం

మొన్న ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడి ఉంటే, నా వెనకాల ఎవరో ముసలావిడ చుట్ట ముట్టించింది. ఆ ఘాటు ముక్కుకి తగలగానే నా ఎనభై ఏళ్ళలో డెబ్బై రాలిపోయాయి. వేసవి మధ్యాహ్నాలు, నీళ్ళు చల్లిన తడికల వాసన, పెరట్లో చాప మీద ఎండుతున్న మామిడి ముక్కల పులుపు, నిప్పు నోటిలోపలికి పెట్టుకుని మా మామ్మ తాగే అడ్డపొగ, ఆవిడకి చుట్టలు చుట్టిపెడుతూ గుమ్మం పక్కన కూర్చున్న మా రంగం పిన్ని, అన్నీ ఒక్కసారి చుట్టుముట్టాయి.

రంగూనుని మా వైపు పాతవాళ్ళు రంగం అనేవారు. మా బాబాయి యుద్ధంలో పటాలానికి ముందు నడిచి, బర్మా రాజుగారి ఆస్థాన నర్తకిని పెళ్ళాడి తెచ్చుకున్నారని నేను చాలామందికి చెప్పాను. నిజానికి ఆయన పటాలంలో లారీ తోలేవారు. బర్మాలో అప్పటికి రాజే లేడు. పిన్ని ఊరూరా తిరిగే ఆటపాటల జట్టులో వెనక వరసలో మూడో మనిషి. ఆ మాట ఆవిడే, నవ్వుతూ, నాకు చెప్పింది.

ఆవిడ పంటు దిగి వచ్చిననాటికి నాకు ఊహ లేదు. మా అమ్మ చెప్పగా విన్నదే. ఆడే మనిషి కోడలుగా రావడం మా మామ్మకి పిడుగుపాటు. ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తూనే గుమ్మంలో షరతు పెట్టేసింది. "ఈ ఇంట్లో నువ్వు ఆడేవని తెలిసిన రోజున, వచ్చిన పంటే ఎక్కి వెళ్ళిపోవాలి." భాష రాని పిన్ని, బాబాయి ఆవిడ భాషలో తిరిగి చెప్పగా విని, నేల మీద మోకరిల్లి మూడుసార్లు దండం పెట్టిందట.

చాలాకాలం మామ్మ ఆవిడతో సూటిగా మాట్లాడలేదు. పిన్ని బుగ్గల మీద గుండ్రంగా గంధం పూసుకుని, అరటిదవ్వ సన్నగా తరిగి, కొబ్బరిపాలలో ఎండురొయ్యలతో ఉడికించి పులుసు కాచేది. ఇల్లంతా ఆ వాసనకి లొట్టలేస్తుంటే, మామ్మ ఒక్కతే మజ్జిగన్నం కలుపుకునేది. ఒకనాడు లంక పొగాకు కట్ట విప్పుతుంటే పిన్ని ఓ ఆకు తీసి వాసన చూసి ఏడ్చేసింది. వాళ్ళ ఊళ్ళో చుట్టలకి మన గోదావరి లంకల పొగాకే ఓడెక్కి వెళ్ళేదట. వాళ్ళమ్మ దగ్గర అదే వాసన. మామ్మ కాసేపు చూసి, కట్ట ఆవిడ ముందుకి తోసి, "చుట్టు, చూద్దాం" అంది. అలా మాటలు కలిశాయి.

కానీ మామ్మ కునుకు తీసే వేళకి వెనకగది లోపల గడియ పడేది. లోపల చాప మీద అరికాళ్ళ చప్పుడు. నేను విన్నాను. విని ఊరుకుంటే నేనెందుకవుతాను? బంగారు కిరీటం, మూరల కొద్దీ జీరాడే పావడా, మెడ తిప్పితే నెమళ్ళు సిగ్గుపడటం, ఇవన్నీ కలిపి బళ్ళో చెప్పేశాను. వారం తిరక్కుండా ఊళ్ళో తీర్థం జరిపించే పెద్దలు తాంబూలం పట్టుకుని మా అరుగెక్కేరు.

"మీ కోడలుగారు రాణుల దగ్గర ఆడేరటండి. మన తీర్థంలో ఒక్క ఆట ఆడించాలండి."

మామ్మ నోట్లో చుట్ట కదలలేదు. "మా కోడలికి మోకాళ్ళ నెప్పులండి" అని తాంబూలం తిప్పి పంపేసింది. లోపలికొచ్చేసరికి పిన్ని అప్పటికే ట్రంకుపెట్టెలో చీరలు సర్దుతోంది.

"ఎక్కడికే?"

"పంటు కాడికండి. మాటన్నారు కదండి."

"ఆడుతున్నావా?"

"ఆయ్. మీరు పడుకున్నాకండి."

మామ్మ పెట్టె మూత వేసి దాని మీదే చతికిలబడింది. "ఇన్నేళ్ళూ నన్ను నిద్దరపుచ్చి ఆడేవన్నమాట. ఏదీ, ఇప్పుడాడు. ఒరేయ్, వీధి తలుపు చేరెయ్."

ఆనాటినుంచి ఎన్నో వేసవులు, మధ్యాహ్నం ఆట. ఇత్తడి బిందె మీద దరువు నాది.

మామ్మ పోయాక, కాలం మారాక, బడివాళ్ళే వచ్చి పిన్నిని వేదిక మీద ఆడమని బతిమాలారు. "చూసే మనిషి వెళ్ళిపోయేరండి" అంది. తొంభై దాటి బతికింది కానీ, మళ్ళీ అడుగు వెయ్యలేదు. ఆవిడ తొంభయ్యో ఏట ఆడిందని నేను చెప్పుకునేది కూడా కోతలే.

ఇప్పుడా ఇల్లు లేదు, ఆ స్థలంలో రొయ్యల మేత గోదాము లేచింది. ఆ నాట్యం కళ్ళారా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానని ఊరి నమ్మకం. పోయిన నెల బళ్ళో ఆడపిల్లలు వచ్చి అడిగితే, చేతులూ మెడా తిప్పి చూపించాను కూడా. ముచ్చటపడి చప్పట్లు కొట్టారు.

నేను చూడలేదు. బిందె ఒళ్ళో పెట్టి, మామ్మ నన్ను తలుపు సందుకెదురుగా కూర్చోబెట్టేది. "ఎవరైనా వస్తే దగ్గు. వెనక్కి తిరిగేవంటే చెవి తెగ్గోస్తాను" అనేది. నేను తిరగలేదు. ఎదర ఎండలో ఖాళీ వీధి, వెనక చాప మీద అరికాళ్ళు, పీల్చడం మర్చిపోయిన మామ్మ చుట్ట ఆరిపోతున్న వాసన. ఆడిన మనిషీ లేదు, చూసిన మనిషీ లేదు.