చక్కెర లేని టీ

సుంకులమ్మ చాటుగా బజ్జీలు తెప్పించుకుని తింటోందని కోడుమూరులో వాళ్ళ వీధంతా చెప్పుకుంటున్న మాట శుద్ధ అబద్ధం. పది కిలోలు తగ్గితేనే మోకాళ్ళ ఆపరేషన్ చేస్తానని డాక్టరు చెప్పినప్పటి నుంచి, మూడు నెలలుగా ఆమె చక్కెర లేని టీయే తాగుతోంది. ఉగ్గాని పక్కన బజ్జీ పెడితే పళ్ళెం అంచుకు నెట్టేస్తుంది. రోజూ గోడ పట్టుకుని లేచి ఇంట్లో అందరికీ వడ్డిస్తుంది. వాళ్ళు తిన్నాక కంచాలన్నీ పోగేసుకుని వంటింట్లోకి పోయి, కాసేపటికి కొంగుతో మూతి తుడుచుకుంటూ బయటికి వస్తుంది. నిన్న మందుల షాపులో తూకం మిషన్ ఎక్కితే పోయిన నెల కన్నా రెండు కిలోలు ఎక్కువే చూపించింది. వెనకే నిలబడ్డ పక్కింటి గిడ్డమ్మ కూడా అది చూసింది. సుంకులమ్మ చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి, కుంటుకుంటూ ఇంటి దారి పట్టింది.

ఆ చెప్పులు చేత్తో పట్టుకుని గిడ్డమ్మ వెంటే వచ్చింది. "చక్కెర లేదంటావు, బజ్జీ లేదంటావు. గాలి తిని లావైతాండావా మే? నిజం చెప్పు, ఏం తింటాండావు?"

సుంకులమ్మ ఖాళీగా ఉన్న గేదె కొట్టం వైపు మొహం తిప్పుకుంది.

"పిల్లోళ్ళు కంచాల్లో వదిలేసిన సంగటి పారేయలేనక్కా. ముందంతా ఎనుము కుడితిలో వేస్తాంటి. దాన్ని అమ్మినప్పటి నుంచి దాని వంతు నేనే తింటాండా."