మిలటరీ మట్టయ్యకు సైదమ్మ పెట్టిన పరీక్ష

ఎల్బీ నగర్ మెయిన్ రోడ్డు నుంచి కాలనీలోకి తిరిగే మలుపులో ఫ్లెక్సీ లేచిన రోజున సైదమ్మ పెరుగు ప్యాకెట్ కోసం బయల్దేరి, పెరుగు సంగతే మరిచి అక్కడే నిలబడిపోయింది. ఫ్లెక్సీలో ఉన్నది ఎవరో కాదు, ఎదురింటి మట్టయ్య. ఒంటిమీద యూనిఫాం, చేతిలో తుపాకీ, వెనక మంచుకొండలు, నెత్తిమీద విమానాలు. కింద ఎర్రటి అక్షరాల్లో 'సరిహద్దును కాచినోడు మన వార్డును కాయడా?' అని రాసి ఉంది.

ఎదురింట్లో ఇన్నేళ్ళుగా ఉన్న ఆ మనిషి చేతిలో సైదమ్మ కూరగాయల సంచి తప్ప మరొకటి చూసి ఎరగదు. మరి ఈ తుపాకీ ఎప్పుడు పట్టాడు? ఆమెకు అనుమానం వచ్చిందంటే చెప్పులో రాయి పడ్డట్టే. తీసి చూసేదాకా కాలు కుదురుగా నిలవదు.

మట్టయ్యది నల్లగొండ దగ్గర ఒక పల్లె. మీసాలు సరిగా రాకముందే మిలటరీలో చేరాడు. పింఛనుతో తిరిగొచ్చి, ఎనభై గజాల్లో రెండు గదులు వేసుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ హాస్టల్ మెస్సు చూసుకుంటున్నాడు. వాన గట్టిగా పడి సరూర్‌నగర్ చెరువు నిండితే నాలా పొంగి వీధి మునుగుతుంది. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఆఫీసర్లకు ఫోన్లు కొట్టేది ఆయనే. కొట్టి కొట్టి విసుగెత్తి, ఈసారి కార్పొరేటర్ ఎన్నికలో తానే ఇండిపెండెంటుగా నిలబడ్డాడు.

నీళ్ళ సంగతి ఎలా ఉన్నా, వీధి మగవాళ్ళకు ఆయనమీద పాత కోపం ఒకటుంది. మిలటరీలో చేసి వచ్చినవాళ్ళకు క్యాంటీన్ కార్డు ఉంటుంది, దానిమీద మందు సీసాలు బజారు ధరకన్నా బాగా చవగ్గా వస్తాయి. ఏ కాలనీలోనైనా మిలటరీ మనిషి ఉన్నాడంటే పెళ్ళికీ పేరంటానికీ జనం ఆయన గుమ్మం తొక్కాల్సిందే. మట్టయ్య మాత్రం ఎవరికీ ఒక్క సీసా ఇచ్చిన పాపాన పోలేదు. అందుకని ఆయనకు పిసినారి అన్న పేరు స్థిరపడిపోయింది.

ఇక సైదమ్మ. చదివింది అయిదో తరగతి. నడిపేది వీధి ఆడవాళ్ళ పొదుపు సంఘం. ఆమె మాటంటే సంఘానికి వేదం. రెండేళ్ళ కింద వీధి చివర దొంగచాటుగా మందు అమ్మే బెల్టు షాపును, ఆడవాళ్ళ చేతికి చీపురుకట్టలిచ్చి దగ్గరుండి మూయించింది. అలాంటి మనిషి ఇప్పుడు ఎవరి పేరు చెబితే ఆ పేరుకే ఓట్లు పడతాయి. అందుకే తొందరపడి నోరు జారడం ఆమెకు ఇష్టం లేదు.

పక్కింటి సీతామహాలక్ష్మి భీమవరం నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయినా యాస మార్చుకోని మనిషి. ఆమె అప్పుడే తేల్చేసింది.

"ఇందులో ఆలోచించడానికేముందండీ సైదమ్మ గారూ? మిలటరీ వాళ్ళంటేనే నిజాయితీ. దేశం కోసం ప్రాణమిచ్చేవాడు మనకి నాలా బాగుచెయ్యలేడంటారా?"

"పానం ఇచ్చినోడు ఓట్లడగనీకి ఎట్లొస్తడు సీతమ్మా? ఒచ్చిండంటే బతికొచ్చినోడే కదా."

"మీరు మరీనండీ!"

"మా ఊళ్ల ఒక మిలటరాయన ఉండె. పొద్దుగాల లేస్తే బూట్లకు పాలిష్, పొద్దుగూకితే పెండ్లానికి దెబ్బలు. బట్టలకైతే ఇస్త్రీ చేస్తరు, గుణానికెవ్వరు చేస్తరు?"

"మరి మనిషి గుణం ఎలా తెలుస్తుందంటారు?"

"అడగరానిది అడిగితె తెలుస్తది," అని సైదమ్మ గుడ్డసంచి అందుకుంది.

ఆమె వెళ్ళేసరికి మట్టయ్య చాపమీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. ఆయన మేనల్లుడు జగన్ లోపలి గదిలో ప్రచారం కాగితాలు సర్దుతున్నాడు.

"తమ్మీ, గా ఫ్లెక్సీల తుపాకి ఎవ్వరిది?"

మట్టయ్య సిగ్గుపడ్డాడు. "జగన్‌గాని పనక్కా. నా ముఖం కోసి ఎవ్వని ఒంటికో అతికిచ్చిండు. దించరా అంటే, పైసలు కట్టిన మామా అంటడు."

"మరి నువ్వు మిలటరీల ఏం జేసినవ్?"

"వంట. చేరిన కాడికెల్లి దిగేదాంక వంటనే."

"కొట్లాడలేదా?"

"ఎందుకు కొట్లాడలే? పొయ్యితోటి కొట్లాడిన. ఆ మంచుల అది జల్దిన అంటుకోదు."

సైదమ్మకు నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. అసలు పని మిగిలే ఉంది. గొంతు తగ్గించింది. "ఐతారం మా ఇంట్ల దావత్ ఉంది తమ్మీ. మిలటరీ సీసా ఒక్కటి ఇప్పియ్యి. మా సంఘం ఓట్లు ఎటు పోవాల్నో నా చేతుల ఉన్నయి, నీకు తెల్వంది కాదు."

మట్టయ్య చేతిలో కత్తి ఆగింది. బెల్టు షాపు మూయించిన మనిషి నోట ఆ మాట వస్తుందని ఆయన అనుకోలేదు.

"లేదక్కా," అన్నాడు. "కార్డు నాది, సంతకం నాది. నాకు తాగబుద్ధయితే తాగుత. పంచుడు మాత్రం లేదు."

"ఓట్లు పోయినా?"

"పోతే పోతయి. రెండు దినాలు బువ్వ సయించది. తర్వాత తింటం."

సైదమ్మ లేచింది. ఆయన ఆపాడు. "అక్కా, ఒట్టిచేతులతోటి పోకు." ఇంటికొచ్చిన ఆడబిడ్డను ఉత్తచేతులతో పంపే అలవాటు ఆ ఇంట్లో లేదు. గబగబా మిద్దెమీదికి వెళ్ళి, పందిరిమీద కాసిన పొడుగాటి సొరకాయ, అదే ఆనిగెపుకాయ, కోసుకొచ్చి ఆమె సంచిలో పెట్టాడు. ఎండకు వాడిపోతుందని సైదమ్మ సంచిమీద కొంగు కప్పుకుని వీధి దాటింది.

అదే కొంప ముంచింది. పాన్ డబ్బా దగ్గర కూర్చున్న సాయినాథ్ అవతలి అభ్యర్థి మనిషి. ఖాళీ సంచితో లోపలికి వెళ్ళిన సైదమ్మ నిండు సంచితో, అదీ కొంగు చాటున, బయటికి రావడం చూశాడు. కొంగు కింద నిక్కి కనబడే ఆ పొడుగాటి మెడ ఆకారం చూశాక వాడికి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. మట్టయ్య క్యాంటీన్ సీసాలు పంచుతున్నాడనీ, మొదటిది సైదమ్మకే ముట్టిందనీ గంటలో కాలనీ అంతా పాకింది.

పొద్దుగూకకముందే మట్టయ్య గేటు ముందు మగవాళ్ళు సంచులు పట్టుకుని బారులు తీరారు. సాయినాథ్ ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు. ఎలక్షన్ కోడ్ ఉన్న రోజులు. ఆ వీడియో ఆఫీసర్ల దాకా వెళితే మట్టయ్య మెడకు కేసు చుట్టుకోవడం ఖాయం.

"ఏందన్నా, ఆడోళ్ళకేనా? మాకు లేవా?"

"ఫ్లెక్సీల సింహం, మెస్సుల వంటోడే కదా! సీసాలన్న తియ్యి సింహమా!"

మట్టయ్య గేటు తీసి బయటికొచ్చాడు. "వంటోన్నే. జగన్, రేపు పొద్దుగాల నిచ్చెన తెచ్చి గా బొమ్మ దించు. సీసాలు లెవ్వు. ఎవ్వరికియ్యలే."

"మరి సైదమ్మకిచ్చింది?"

"ఆనిగెపుకాయ."

జనం గొల్లుమన్నారు. "ఆనిగెపుకాయకు కొంగు కప్పుతరా? అసలెందుకొచ్చింది మీ ఇంటికి?" అని సాయినాథ్ ఫోన్ మరింత ముందుకు చాపాడు.

జగన్ మామ భుజం పట్టుకుని ఊపాడు. "చెప్పు మామా! నేను లోపలి గదిల ఉండి ఇన్న కదా. ఎందుకొచ్చిందో చెప్పు, నువ్వేమన్నవో చెప్పు. ఒక్క మాటతోటి అయిపోతది."

"నోరు మూసుకోరా," అన్నాడు మట్టయ్య. సాయినాథ్ వైపు తిరిగి, "ఎదురింటి మనిషి ఒస్తది, పోతది. ఎందుకొచ్చిందో నీకెందుకు?" అన్నాడు.

సైదమ్మ మేడమీది పిట్టగోడ దగ్గర నిలబడి ఇదంతా విన్నది. ఆయన నోరు తెరిస్తే ఆయన కేసు తప్పించుకుంటాడు, ఆమె పేరు బజారున పడుతుంది. చీపురుకట్టలు పంచిన చేత్తోనే సీసా అడిగిందని తెలిస్తే సంఘంలో ఇక ఆమె మాట ఎవరు వింటారు? ఆయన ఆ మాట చెప్పడం లేదు. వీడియో నడుస్తున్నా చెప్పడం లేదు.

ఆమె కొంగు నడుముకు దోపి మెట్లు దిగింది.

"సాయినాథ్! గా ఫోను ఇటు తిప్పు బిడ్డా, నా ముఖం మంచిగ రావాలె. సీసా అడిగింది నేనే. దావత్ అన్న, ఓట్లిప్పిస్త అన్న. ఆయన గుణం జూద్దామని అడిగిన. పోతే పోతయి ఓట్లు, సీసా మాత్రం ఇయ్య అన్నడు. ఆనిగెపుకాయ సగం పప్పులవడ్డది, సగం ఇంట్ల ఉంది. తెచ్చి నీ నెత్తిమీద పెట్టాల్నా?"

ఒకడు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. సాయినాథ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సంచులు మడతపడ్డాయి. బారు కరిగింది.

"ఎందుకు చెప్పుకున్నవక్కా?" అన్నాడు మట్టయ్య.

"నువ్వెందుకు చెప్పలే?"

"నువ్వడిగింది నన్ను. వీధిని కాదు."

మరుసటి రోజు సంఘం మీటింగులో ఎవరూ పొదుపు మాటెత్తలేదు. అందరికన్నా చిన్నది సంతోషి మొదలుపెట్టింది.

"అక్కా, సీసా దొరికుంటె మాకు గూడ చెప్తుంటివా?"

అందరూ నవ్వారు కానీ సైదమ్మ నవ్వలేదు. ఆ నవ్వు వెనక ఉన్న అనుమానం ఆమెకు తెలుసు.

సీతామహాలక్ష్మి మాత్రం ఉత్సాహంగా ఉంది. "చూశారా, నేను ముందే చెప్పలా? అదండీ మిలటరీ క్రమశిక్షణంటే!"

"సీతమ్మా, మిలటరీల చేసినోళ్ళందరు గిట్లనే ఉంటే, మన కాలనీల దావత్‌లకు క్యాంటీన్ సీసాలు ఎట్లొస్తున్నయి?"

సీతామహాలక్ష్మి పొదుపు పుస్తకం తిరగేస్తుంటే సైదమ్మే అందుకుంది.

"మిలటరీ ఆయనకు కార్డిచ్చింది. గుణం తల్లి కాడ్నుంచి తెచ్చుకున్నడో, గా పొయ్యికాడ నేర్చుకున్నడో నాకు తెల్వది. తుపాకి బొమ్మ జూసి నేను నమ్మలే. నన్ను బజార్ల పడెయ్యకుంట నిలబడ్డడు, గది జూసి నమ్మిన. నా ఓటు ఆయనకే."

"నువ్వు నమ్మినవ్ సరే," అంది సంతోషి. "నిన్న మాకు చెప్పకుంట పోయి అడిగినవ్. ఇయ్యాల నీ మాట మీద మేమెందుకెయ్యాలె?"

సైదమ్మ మొహంలో ఒక్క గీత కూడా చెదరలేదు. "ఎయ్యకుండ్రి. నడువుండ్రి, మీరే అడుగుదురు."

అందరూ లేచి వీధి దాటారు. మట్టయ్య హడావుడిగా చాపలు పరిచాడు, చాలక దుప్పట్లు పరిచాడు. సంతోషి ముందు కూర్చుంది.

"అన్నా, గెలిచినంక నాలా పని చెయ్యకపోతివనుకో. అప్పుడు మేమేం జెయ్యాలె?"

"నా గేటు ముంగట కూసోండ్రి. బువ్వ నేనే ఒండి పెడత."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. సైదమ్మ మాత్రం ముందుకు జరిగి, "ఎన్ని దినాలు పెడతవ్?" అని అడిగింది.

"పనయ్యేదాంక అక్కా."

సంతోషి వెనక్కి తిరిగి అందరి ముఖాలూ చూసింది. "ఇగ లేవుండ్రి. పక్క వీధోళ్ళకు గూడ చెప్పాలె," అంటూ అందరికన్నా ముందు తానే లేచింది.