దేవసహాయం మాస్టారి జేబులోని కాగితం

మొన్న తెనాలి బజారులో ఒక నూనె కొట్టు ముందు నుంచి నడుస్తుంటే ఆముదం వాసన గుప్పున తగిలింది. కొట్టతను ఎవరికో సీసాలో పోస్తున్నాడు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ వాసన తగిలితే నాకు తెనాలి రైల్వే స్టేషను గుర్తొస్తుంది. ఎనభైల చివర్లో ఒక జూన్ మధ్యాహ్నం, రైలు రావడానికి పది నిమిషాల ముందు, రేపల్లెలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసే దేవసహాయం గారు చొక్కా జేబులోంచి ఒక కవరు తీసి సుగుణమ్మ చేతిలో పెట్టారు. పొద్దున బడిలో తోలు బంతులకు ఆముదం పట్టించి వచ్చిన చేతులవి. కవరు అంచున ఆయన బొటనవేలు మరకగా దిగింది. ఆమె పక్కన రేకు పెట్టె మీద పదకొండున్నరేళ్ల కొడుకు ప్రభుదాసు కూర్చుని, పట్టాల మీద తిరుగుతున్న కుక్కను చూస్తున్నాడు.

"ఇది చూపిస్తే వాణ్ణి అకాడమీలో చేర్చుకుంటారు. లేకపోతే వయసు ఎక్కువని వారం తిరక్కుండా పంపేస్తారు. నీ ఇష్టం అమ్మా" అన్నారు మాస్టారు.

ఆమె కవరు వైపు చూడలేదు, ఆయన ముఖంలోకి చూసింది. "మీ అబ్బాయైతే పంపుతారా అండి?"

"పంపను." మాస్టారు ఏమాత్రం తడుముకోలేదు. "కానీ నా కొడుకు బంతి తన్నినా తన్నకపోయినా బి.ఏ. చదువుతాడు. వీడి సంగతి నేనెలా చెప్పనమ్మా? అందుకే కాగితం నీ చేతికిచ్చాను."

ఆయన్ని ఎరగని వాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. అప్పట్లో నేను తెనాలి నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. జిల్లా పేజీలో జాగా మిగిలిన రోజున ఆటల వార్త పడేది. అలా రేపల్లె వెళ్లి దేవసహాయం మాస్టారిని కలిశాను. పొట్టి మనిషి. ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా, మెడలో ఈల. ఆదివారం లూథరన్ చర్చిలో పిల్లలకు పాటలు నేర్పిన గొంతుతోనే మిగతా ఆరు రోజులూ మైదానంలో అరిచేవారు. ఆట గురించి నేను అడిగితే పిల్లల ఇళ్ల గురించి చెప్పేవారు. ఎవడు పొద్దున ఏమీ తినకుండా వచ్చాడో, ఎవడి అక్క పెళ్లికి వాడి బూట్లు అమ్మేశారో ఆయనకు తెలుసు. "గోల్సు ఎన్నో స్కోరు పుస్తకంలో ఉంది, ఎక్కించుకో. మిగతాది నేను చెబుతాను" అనేవారు.

ప్రభుదాసు ఫుట్‌బాల్ జట్టులో గోలీ, అంటే గోల్‌కీపరు. వయసుకు మించిన పొడవు, అంతకు మించిన చేతులు. "ఆజానుబాహువు అంటే ఏంటో తెలియకపోతే వీణ్ణి చూడండ్రా" అని మాస్టారు మిగతా పిల్లలకు చూపించేవారు. వాళ్లు వాణ్ణి 'తాటిమట్ట' అని పిలిచేవాళ్లు. తండ్రి రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు. తల్లి నాట్లకు, కోతలకు వెళ్లేది. ఆ వేసవిలో గుంటూరులో ఒక అకాడమీ వాళ్లు పిల్లలను ఎంపిక చేశారు. ఎక్కడో ఉత్తరాదిన, రెండు రాత్రుల ప్రయాణం. తిండి, బట్టలు, చదువు, ఆట అన్నీ వాళ్లే చూసుకుంటారు, పెద్దయ్యాక కంపెనీ జట్టులో ఆడిస్తారు అన్నారు. ప్రభుదాసును చూసి మరుమాట లేకుండా పేరు రాసుకున్నారు.

నేను అక్కడే పొరపాటు చేశాను. గుంటూరు నుంచి తిరుగు బస్సులోనే వార్త రాసేశాను. రేపల్లె కుర్రాడికి అకాడమీ పిలుపు అని మూడో రోజున ఫోటోతో సహా వచ్చింది. మిల్లు యజమాని ఆ పేపరు గోడకు అంటించాడట. తండ్రి ఆ రోజంతా బస్తా మోయకుండా వచ్చిన వాళ్లకు టీ ఇప్పించాడట. నేను మెప్పు కోసం మాస్టారి దగ్గరకు వెళ్లాను.

ఆయన బంతికి నూనె పట్టిస్తున్నారు. తల ఎత్తలేదు. "పిల్లాడి పేరు అచ్చేశావు. ఇక వాడు వెళ్లకపోతే పిరికివాడు, తిరిగొస్తే చేతగానివాడు. మధ్యలో వాడు నిలబడ్డానికి చోటేదీ అబ్బాయ్?"

"మంచి వార్తే కదండీ" అన్నాను.

"వెళ్లేటప్పుడు రాశావు. వచ్చేటప్పుడు కూడా రాస్తావా?"

ఆ మాటకు అర్థం మరుసటి ఆదివారం బాపట్లలో తెలిసింది. మాస్టారు నెలకోసారి బాపట్ల వెళ్లేవారు. ఈసారి నన్నూ రమ్మన్నారు. స్టేషనుకు దగ్గర్లో కోటి అనే అతని సైకిలు కొట్టు ఉంది. కోటి ఒకప్పుడు మాస్టారి శిష్యుడు. పదమూడేళ్లకు ఆయనే దగ్గరుండి ఆటల హాస్టలుకు పంపారు. పదిహేడేళ్లకు మోకాలు చెడి తిరిగొచ్చాడు. అక్కడ చదువు కాగితాల మీదే సాగింది. ఇక్కడ పదో తరగతి పరీక్షకు కూర్చుంటే అక్షరాలు కూడబలుక్కోవలసి వచ్చింది. మాస్టారు ఆ కొట్టులో బల్ల మీద గంటసేపు కూర్చునేవారు. పంచర్లు వేస్తుంటే చూసేవారు. క్షమాపణ చెప్పడానికి వచ్చి, ఆ మాట ఎలా ఎత్తుకోవాలో తెలియని మనిషిలా ఉండేవారు.

ఆ రోజు మాత్రం అడిగేశారు. "ఒరేయ్ కోటీ, ఇంకొకణ్ణి పిలిచార్రా. ఏం చెయ్యమంటావు?"

కోటి ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తూ, "పంపండి మాస్టారూ" అన్నాడు.

"నీ కాలు చూసుకుని చెప్పరా."

"కాలు చూసుకునే చెబుతున్నానండీ. నాలుగేళ్లు రోజూ కోడిగుడ్డు తిన్నాను. రైల్లో పాట్నా దాకా వెళ్లాను. ఇక్కడే ఉంటే కాలు బాగుండేది, నిజమే. బాగున్న కాలుతో కూడా ఈ కొట్టే పెట్టేవాణ్ణి కదా?" అని నవ్వి, "మీరు నెలనెలా వచ్చి అలా మొహం పెట్టుకుని కూర్చోకండి. బేరం పోతోంది" అన్నాడు.

తిరుగు బస్సులో మాస్టారు పొన్నూరు దాటాక, "వాడు తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది" అన్నారు. పంపకూడదు అనడానికి ఆయన దగ్గరున్న ఒకే ఒక్క సాక్షి ఎదురు తిరిగాడు.

అప్పుడే వయసు చిక్కు బయటపడింది. అకాడమీకి పన్నెండేళ్లు దాటకూడదు. బడి రికార్డు ప్రకారం ప్రభుదాసుకు పదమూడు. అందుకు కారణం మాస్టారే. ఆ రోజుల్లో పిల్లాణ్ణి ఒకటో తరగతిలో చేర్చడానికి తెస్తే పుట్టిన తేదీ ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు. కుడి చెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవాళ్లు. అందితే అయిదేళ్లు నిండినట్టు. ప్రభుదాసును తెచ్చిన ఏడాది బడిలో చేరికలు చూసింది దేవసహాయం గారు. చెవి అందడం కాదు, చెంప దాకా వచ్చిందట చెయ్యి. అయిదు అని రాసేశారు. నిజానికి వాడికి మూడున్నర.

"నాట్ల రోజులు. పిల్లాణ్ణి గట్టు మీద పడుకోబెట్టి వంగలేక బడికి తెచ్చింది వాళ్లమ్మ. మూడున్నరని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆ చేతులు చూసి మోసపోయాను. ఇప్పుడు గుంటూరు వాళ్లు కావాలన్నదీ ఆ చేతులనే" అన్నారు నాతో.

అసలు తేదీ చర్చిలో బాప్తిస్మపు పుస్తకంలో ఉంది. పాస్టరు గారిని అడిగితే నకలు రాసి సంతకం చేసిచ్చారు. దాన్ని మాస్టారు మూడు వారాలు జేబులో పెట్టుకుని తిరిగారు. చొక్కా మార్చిన ప్రతిసారీ కాగితమూ మారేది. తండ్రి రెండు సార్లు అడిగితే, "పుస్తకం పాతది, వెతుకుతున్నారు" అన్నారు. ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. ఊరుకుంటే చాలు, పిల్లాడు ఆగిపోతాడు. ఎవరూ తప్పు పట్టరు. కానీ కాగితంలో ఉన్నది నిజం. "నిజాన్ని దాచి పిల్లాణ్ణి కాపాడితే అది కాపాడ్డమేనా? వాడి అమ్మానాన్నలు తేల్చాల్సింది నేను దొంగిలించడం కాదా?" అని నన్నే అడిగారు. ఆయన నిద్రపోవడం లేదని కళ్లు చెబుతున్నాయి. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. వార్త ఎలా మొదలుపెట్టాలో తప్ప ఏదీ ఎలా ముగుస్తుందో తెలియదు.

ఇక స్టేషను. తండ్రికి మిల్లులో సెలవు దొరకలేదు. గుంటూరులో ఎంపికైన మరో పిల్లాడి తండ్రి ఇద్దరినీ తీసుకెళ్లడానికి వచ్చాడు. రైలు వచ్చింది. ఆయన పిల్లలను ఎక్కించి, కిటికీలోంచి చెయ్యి చాపి, "కాగితాలు ఇవ్వండమ్మా" అన్నాడు. సుగుణమ్మ కవరు ఇచ్చింది. బండి కదిలింది. ప్రభుదాసు చెయ్యి ఊపలేదు, కిటికీ కమ్మీలను పట్టుకుని చూస్తున్నాడు. రేపల్లె ప్యాసింజరు కోసం మాస్టారు, సుగుణమ్మ, నేను గంటసేపు అక్కడే కూర్చున్నాం.

ఆ తర్వాత మాస్టారు వారానికోసారి పోస్టాఫీసుకు వెళ్లేవారు. ఉత్తరం వస్తే తెరవకుండా సుగుణమ్మ ఇంటికి తీసుకెళ్లి చదివి వినిపించేవారు. 'బాగున్నాను, బాగా తింటున్నాను' అనే రెండు ముక్కలే ఉండేవి. ఇద్దరూ ఆ రెండు ముక్కలనూ అటూ ఇటూ తిప్పి చూసేవారు. తొంభైల మొదట్లో, పిల్లాడు ఇంకా అక్కడుండగానే, మాస్టారు గుండెపోటుతో పోయారు. తాను ఇచ్చిన కాగితం మంచి చేసిందో చెడు చేసిందో తెలియకుండానే పోయారు.

ప్రభుదాసు నిలదొక్కుకున్నాడు. నాలుగేళ్లు కంపెనీ జట్టులో రెండో గోలీగా బయట బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత అదే కంపెనీ స్టోర్సులో ఉద్యోగం ఇచ్చారు. ఇంటికి డబ్బు పంపేవాడు. సెలవుల్లో వస్తే అమ్మతో తెలుగు మాట్లాడుతూ మధ్యలో మాట కోసం ఆగేవాడు.

తొంభైల చివర్లో ఒక రోజు సుగుణమ్మ తెనాలిలో నా ఇంటికి వచ్చింది. వెంట చిన్న కొడుకు కిరణ్, పదకొండేళ్లవాడు. చేతిలో అదే అకాడమీ ఫారం. "మాస్టారు ఉంటే ఆయన్నే అడిగేదాన్ని బాబూ. వాళ్ల నాన్న పంపుదామంటాడు. పెద్దాడు వద్దని ఉత్తరం రాశాడు."

"పెద్దవాణ్ణి మీరే పంపారు కదమ్మా, మీకేమనిపిస్తోంది?" అన్నాను.

"నేను పంపలేదు బాబూ." ఆమె గొంతు పెంచలేదు. "ఆయనెవరో చెయ్యి చాపాడు, ఇచ్చాను. బండి కదిలిపోయింది. వద్దందామనుకునేటప్పటికి చివరి పెట్టె కూడా వెళ్లిపోయింది."

అప్పుడు నాకు తట్టింది. ఆ మూడు వారాల్లో మాస్టారు కోటిని అడిగారు, నన్ను అడిగారు, తనను తాను ప్రశ్నించుకున్నారు. నేను పిల్లాడి మీద ఏకంగా వార్తే రాశాను. ప్రభుదాసును మాత్రం ఎవరమూ అడగలేదు. నేను కిరణ్ వైపు తిరిగి, "నీకు వెళ్లాలని ఉందా?" అన్నాను.

వాడు అమ్మ వంక చూసి, మళ్లీ నా వంక చూసి, "అక్కడ అమ్మను రానిస్తారా అండి?" అన్నాడు.

"రానివ్వరు."

"మరి సెలవులు ఎప్పుడిస్తారండి?"

"ఏడాదికోసారి."

వాడు అడిగిన రెండు మాటలనూ ఉన్నవి ఉన్నట్టు గుర్తుంచుకొమ్మని సుగుణమ్మతో చెప్పాను. అంతకు మించి చెప్పే హక్కు నాకు లేదనిపించింది. ఆ ఫారం పోస్టులో పడలేదు. కిరణ్ బాపట్లలో డిగ్రీ చదివి, అన్న పంపిన డబ్బుతో బి.ఇడి. చేసి, టీచరయ్యాడు. బంతి ముట్టుకోవడం పదో తరగతిలోనే మానేశాడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఎందరో పిల్లల గురించి రాశాను. ముందు పిల్లాడితో మాట్లాడకుండా ఒక్క వార్తా పంపలేదు. రాసిన రెండు మూడేళ్లకు ఆ ఇంటికి మళ్లీ వెళ్లకుండా ఊరుకోలేదు. కొన్ని ఇళ్లలో నన్ను చూసి తలుపు వేసుకున్నారు. అలా తిరగడం మాస్టారు పెట్టిన అలవాటు. దానితో జవాబులు దొరికాయని మాత్రం అనలేను.

ఇప్పటికీ అన్నదమ్ములిద్దరూ క్రిస్మస్‌కు రేపల్లె వస్తారు. తమ్ముడిదే అదృష్టమని అన్న అంటాడు. అన్నదే అదృష్టమని తమ్ముడు అంటాడు. ఇద్దరికీ అది వేళాకోళం కాదు. ఆ మాట వచ్చినప్పుడు వాళ్లమ్మ లేచి వంటింట్లోకి వెళుతుంది.