గుడారంలో ఎవరు కూర్చోవాలి

సౌదీలో, బురైదాలో ఖర్జూరం తోటలున్న ఒక ముసలాయన దగ్గర నేను డ్రైవరుని. ఇంట్లోవాళ్ళలాగే నేనూ ఆయన్ని బాబా అనే పిలుస్తాను. చలికాలం వస్తే చాలు, ఆయన మనసు ఎడారిలో గువ్వల వేట మీదికి పోతుంది. పోయినేడు పాత ఎయిర్ రైఫిలు మొరాయించి, వేటంతా దండగైపోయింది. "ఇంక నీకు ఎందుకు బాబా, గుడారంలో కూర్చుని గావా కాచు" అన్నాడు పెద్దకొడుకు, అందరి ముందూ. గావా అంటే ఏలకులేసి కాచే అరబ్బీ కాఫీ. బాబా అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. కడప నోరు నాది, ఊరుకునేది కాదు. కానీ నేనిక్కడ ఉండటానికి కావలసిన ఇకామా కాగితాలు చూసేది ఆ కొడుకే, అందుకని పళ్ళు నూరుకుని ఊరుకున్నాను.

ఈ ఏడు కొత్తది కొనడానికి ముగ్గురం వెళ్ళాం. కొడుకు చెయ్యి తిన్నగా ఖరీదైనదాని మీదికే పోయింది. దాని స్కోపు మా ఊళ్ళో నీళ్ళ చెంబంత ఉంది. బాబా మాత్రం ఒక సాదా రైఫిలుని భుజానికి ఆనించి, కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచాడు.

"కళ్ళు తెరవగానే గురి ఎదురుగా ఉంది. ఇది నా ఒంటికి కుదిరింది" అన్నాడు.

"ఇంత చవకదా? నలుగురిలో పరువు పోతుంది" అన్నాడు కొడుకు.

కొట్టు వెనకున్న మైదానంలో బాబా రెండిటితోనూ కాల్చి చూశాడు. పరదేశిని, తుపాకీ ముట్టుకోను. గురి కాగితాలు తెచ్చే పని నాది. ఖరీదైనదాని చిల్లులు తలా ఒక దిక్కున ఉన్నాయి. సాదా రైఫిలువి నడిమి చుక్కకు బెత్తెడు ఎడమగా పడ్డాయి.

"చూశావా, ఒక్కటీ తగల్లేదు. నీ చెయ్యి వణుకుతోంది బాబా" అన్నాడు కొడుకు.

బాబా మొహం వాడిపోయింది. నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు, ఎలా పడ్డాయి?" అన్నాడు. వెనకనుంచి కొడుకు కళ్ళెర్రజేశాడు. భయమేసింది, ఎందుకు వెయ్యదు? అయినా నా వచ్చీరాని అరబ్బీలో ఉన్నదే చెప్పాను.

"అన్నీ ఒకే తావున పడినాయి బాబా."

ఆయన కాగితం లాక్కుని చూసి తేలిగ్గా ఊపిరి వదిలాడు. "ఒకేచోట తప్పితే చెయ్యి వణికినట్టు కాదురా. కొంచెం సర్దాలి, అంతే" అని రైఫిలు మీద గురి చూసేచోట ఉన్న చిన్న మర తిప్పాడు. ఈసారి చుక్క చిరిగిపోయింది.

తర్వాత అదే రైఫిలు కొడుక్కిచ్చాడు. వాడి చిల్లులు కాగితం నిండా చెదిరాయి. ఒకటి చట్రానికే తగిలింది. "ఇదేం రైఫిలు" అని విసుక్కున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. బాబా సాదాదే కొన్నాడు. కొడుకు భుజం తట్టి, "ఈ ఏడు గావా నువ్వు కాచు" అన్నాడు.

నిజంగానే కాచాడు. మొదటిరోజు పొద్దు వాలేవేళకి బాబా గువ్వలతో గుడారానికి వచ్చాడు. కొడుకు లేచి నిలబడి, చిన్న ఫింజాన్ కప్పులో గావా పోసి అందించాడు. బాబా ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఏలకులు ఎక్కువేశావు. ఫరవాలేదు, సర్దుకోవచ్చు" అని పక్కన చోటు చూపించాడు.