నూడుల్స్‌కు గంజి పెట్టిన కథ

ఆకలికి కూడా వయసుంటుందని నా అనుమానం. ఇప్పుడు రెండు రొట్టెలు తింటే మూడోదాని వైపు చూడాలన్నా ఆయాసమే. ఆ రోజుల్లో మాత్రం, అంటే నేను అత్తెసరు మార్కులతో ఇంటర్ గట్టెక్కి, సాంచా నడపడం నేర్చుకుందామని (మరమగ్గాన్ని మేం సాంచా అంటాం) మహారాష్ట్రలోని భివండిలో మా చిన్నబాపు (బాబాయి) దగ్గరికి వచ్చిన కొత్తలో, తిన్న చేయి ఆరకముందే మళ్ళీ ఆకలయ్యేది. అక్కడి కామత్‌ఘర్‌లో ఒక ఖోలీ, అంటే ఒంటిగది. అందులో చిన్నబాపు, నేను, వరుసకు బావ అయ్యే ఒకాయన. తిండి మాత్రం పక్క సందులోని బిస్సీలో. బిస్సీ అంటే కార్మికులకు నెలవారీగా అన్నం పెట్టే ఇల్లనుకోండి. దాన్ని నడిపే ఆమెను సందంతా అత్త అనే పిలిచేది. ఆమె అన్నం అడిగినంత పెట్టేది, తిట్లు అడక్కుండానే పెట్టేది.

ఆ అత్త కూతురి కాన్పుకని బిస్సీకి తాళం వేసి ఊరికి పోయింది. మా ముగ్గురికీ వంట రాదు. బావ చవక నూడుల్స్ పొట్లాలు సంచీ నిండా తెచ్చి, "నీళ్ళు మసిలితె సాలు, బువ్వ అయినట్టే" అన్నాడు. నిజమే, కాకపోతే ఎంత తొందరగా ఉడికేవో అంత తొందరగా అరిగిపోయేవి. పాలీ, అంటే షిఫ్టు, సగం కాకముందే కడుపులో నీళ్ళ చప్పుడు తప్ప మరేమీ మిగిలేది కాదు. ఒకరోజు తెగిన పోగు ముడి వేస్తూ వేస్తూ, కళ్ళు తిరిగి సాంచా పక్కనే కూలబడ్డాను.

చిన్నబాపు భయపడ్డాడు. ఆయనకు భయమేస్తే కోపం వస్తుంది. "నీకేమన్న అయితె మీ అమ్మకు నేనేం జవాబు జెప్పాలెరా? సాంచాలు ఏడికి పోవు, మొదలు పాణం సూస్కో. ఐతారం బస్సు ఎక్కిస్త, ఇంటికి పో" అన్నాడు. సాంచా నేర్చుకుంటే తప్ప ఊరి మొహం చూడనని దోస్తులందరి దగ్గరా గొప్పలు పోయి వచ్చినవాణ్ణి. పైగా ఆ కార్ఖానా చప్పుడు అప్పుడప్పుడే నాకు నచ్చడం మొదలైంది. "గట్లెట్ల పోత చిన్నబాపు? కడుపు నిండితె నాకేం గాదు" అన్నాను. "అయితె నింపుకో, సూస్త" అన్నాడాయన.

ఇక నేను బుర్రకు పదును పెట్టాను (అసలు పొరపాటు అక్కడే జరిగింది). కార్ఖానాలో నాకు బాగా వంటబట్టిన విషయం ఒక్కటే: నూలుకు గంజి పట్టిస్తే పోగు గట్టిపడుతుంది, ఊరికే తెగదు. మరి నూడుల్స్ మాత్రం పోగులు కావా? గంజి పడితే కడుపులో గట్టిగా నిలబడవా? ఈ తర్కంలో లోపమేమిటో నాకు ఇప్పటికీ కనబడదు. శనివారం పొద్దున్నే సగం పొట్లాలు ఉడికించి, చిన్నమ్మ ఊరి నుంచి పంపిన బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోసి తిప్పాను. చిక్కబడింది. ఇంకా చిక్కబడింది. చివరికి గరిటె పైకెత్తితే దాంతోపాటు గిన్నె కూడా లేచి వచ్చింది.

బావ వంగి చూసి, "ఏందిర ఇది? తిననీకా, గోడకు కాయితాలు అతుకపెట్టనీకా?" అన్నాడు. చిన్నబాపు గోడకు తగిలించిన నా సంచీ తీసి దుమ్ము దులిపాడు. ఆ దులపడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే అమ్మ గుర్తొచ్చింది, అమ్మ గుర్తొస్తే సర్వపిండి గుర్తొచ్చింది. ముద్దయితే ఏమైంది? సర్వపిండి పుట్టేదే ముద్దలోంచి కదా! "జర ఆగు చిన్నబాపు" అని, అందులో ఇంకాస్త పొడి బియ్యప్పిండి, ఉల్లిగడ్డలు, పచ్చిమిర్చి, నువ్వులు, కరివేపాకు, గుప్పెడు పల్లీలు వేసి పిసికాను. గంజు గిన్నె అడుగున నూనె రాసి, ముద్దను అరచేత్తో పలచగా ఒత్తి, అమ్మ చేసినట్టే వేలితో చిల్లులు పొడిచి, చిల్లుకో చుక్క నూనె వదిలి, మూతపెట్టి సన్నసెగ మీద కాల్చాను. కాసేపటికి పల్లీల వాసన, మసాలా వాసన కలిసి సందు చివరిదాకా పోయాయి.

బావ ఒక ముక్క తిని రెండో ముక్క అందుకున్నాడు. దాన్ని సగంలో ఆపేశాడు. బావ తిండి మధ్యలో ఆపడం అంతకుముందు ఎవరూ చూడలేదు. "నిండిందిర!" అన్నాడు, పొట్ట తడుముకుని తనే నమ్మలేనట్టు. ఆ పూట పాలీ అయ్యేదాకా మాకెవరికీ ఆకలి కాలేదు, నాకు కళ్ళూ తిరగలేదు. చిన్నబాపు మాత్రం బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

మర్నాడు ఐతారం. "మల్లొకటి జెయ్" అన్నాడు చిన్నబాపు. దారిలో తినడానికే కాబోలు అనుకుని దిగులుగా చేశాను. మధ్యాహ్నం ఆయనే నా సంచీ సర్ది భుజాన వేసుకుని నడిచాడు. వెనకాల నేను, బలికి పోయే మేకపిల్లలా. ఊరి బస్సు దగ్గర ఆగి, సంచీలోంచి పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి తీసి డ్రైవర్ చేతిలో పెట్టాడు. "అన్నా, ఇది మా వదినెకు అందియ్యి. పిలగాడు సొంతంగ జేసిండని జెప్పు. ఈడ పస్తులుంటలేడని గూడ జెప్పు." సంచీలో ఇంకేమీ లేదు. నా బట్టలన్నీ ఖోలీలో దండెం మీదే ఉన్నాయి. నోరు తెరుచుకు నిలబడిన నా వైపు తిరిగి, "ఏంది గట్ల సూస్తున్నవ్? రేపు పొద్దుగాల పాలీకి రావా?" అంటూ ఆ ఖాళీ సంచీ నా మీదికి విసిరాడు. అంత సంతోషం నాకు ఇంటర్ పాసైనప్పుడు కూడా కలగలేదు.

రెండు రోజులకు అమ్మ ఫోన్ చేసింది. "మంచిగనే ఉంది బిడ్డా. మీ బాపుకు ఓ పన్ను కదిలింది, అంతే" అంది. దారిలో ఎండి ఉంటుంది. గంజి మహిమ మరి.

ఇప్పుడు అదే కామత్‌ఘర్‌లో నాకు సొంత సాంచాలున్నాయి. మా అమ్మాయి నూడుల్స్ పలచగా వండుకుని, "బాపూ, తుమ్హీ ఖాణార్ కా?" అని మరాఠీలో అడుగుతుంది, తింటావా అని. అడుగుతూనే బియ్యప్పిండి డబ్బా దాచేస్తుంది. అయినా వానాకాలంలో ఒకసారైనా డబ్బా వెతికి పట్టుకుని నా వంట నేను చేస్తాను. ఒక్క ముక్కకే కడుపు నిండిపోతుంది. పళ్ళెంలో మిగిలిన రెండో ముక్కను చూస్తే, ఖాళీ సంచీ ఊపుకుంటూ బస్సు దగ్గర్నుంచి ఖోలీకి ఉరికిన ఆ పిలగాడు గుర్తొస్తాడు. వాడే ఉంటే, ఈపాటికి అదీ మిగిలేది కాదు.