కౌంటర్ వెనక తాళం వేసిన పుస్తకం

ఈ రోజు సాయంత్రం మా పదమూడేళ్ల అమ్మాయితో పాటు నేనూ లైబ్రరీకి వెళ్లాను. మెల్‌బోర్న్ శివార్లలో మా కౌన్సిల్ వాళ్లది, అంటే ఇక్కడి మునిసిపాలిటీది. ఒకటే హాలు, ఒకరే లైబ్రేరియన్.

పాప కౌంటర్ దగ్గర ఏదో పుస్తకం మెల్లగా అడిగింది. ఆ లైబ్రేరియన్ ఇబ్బందిగా నా వైపు చూసి, పాపతో అంది. "కొత్త రూల్ వచ్చింది. పదిహేనేళ్ల లోపు పిల్లలకి ఇలాంటివి పేరెంట్ ఒప్పుకుంటేనే ఇవ్వాలి. మాకు వేరే గది లేదు, అందుకే వెనక బీరువాలో పెట్టి తాళం వేశాను. మీ డాడ్ సరే అంటే ఇస్తాను."

పాప ముఖం ఎర్రబడింది. "ఇట్స్ ఓకే, ఐ డోంట్ నీడ్ ఇట్," అని కారు దగ్గరికి వెళ్లిపోయింది.

తాళం తీయించి చూశాను. ఆ వయసులో ఆడపిల్లల ఒంట్లో వచ్చే మార్పుల గురించిన పుస్తకం. ఇన్నాళ్లూ పాప ఎవరినీ అడగక్కర్లేకుండా అక్కడే మూల కూర్చుని చదువుకునేదని లైబ్రేరియన్ చెప్పింది.

"ఈ రూల్ ఎవరు అడిగారు?" అన్నాను, కాస్త గట్టిగానే.

"పేరెంట్సే. పిటిషన్ పెట్టారు."

అప్పుడు గుర్తొచ్చింది. మన ఈ తెలుగు వాట్సాప్ గ్రూపులోనే ఒక అంకుల్ "పిల్లల్ని కాపాడుకుందాం" అని ఆ పిటిషన్ లింకు పంపారు. పెద్దాయన అడిగారు కదా అని, ఏముందో చదవకుండానే నా పేరు టైప్ చేసి సంతకం పెట్టేసి, గ్రూపులో దండం బొమ్మ కూడా పెట్టాను.

పుస్తకం నా కార్డు మీద తెచ్చి పాప బల్ల మీద పెట్టాను. ఇంకా ముట్టుకోలేదు.

ఆ లింకు వచ్చిన రోజు గ్రూపు నిండా దండాలే. మీలో ఎవరైనా ఆ లింకు పూర్తిగా చదివే సంతకం పెట్టి ఉంటే చెప్పండి. పాపకి ఏం చెప్పాలో వాళ్లనే అడుగుతాను.